సీటొచ్చింది, ఉండేదెక్కడ?

మదురై జైలు. పక్కనే ఉరిశిక్ష పడ్డవాళ్ల గదులు. ఇటు గదిలో ఒంటరిగా ఒక అమ్మాయి. వయసు ఇరవై దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. ఉప్పు సత్యాగ్రహం మొదలైన దగ్గర్నుంచి ఆమెకు జైళ్లు కొత్తేం కాదు. అంతకుముందు వేలూరులోనూ ఉంది. ఉద్యమంలో పట్టుబడ్డవాళ్లతో పాటు అక్కడ మామూలు నేరాల మీద వచ్చిన ఆడవాళ్లూ ఉండేవాళ్లు. వాళ్ల పక్కన కూర్చుని ఒక్కొక్కరి కథా వింటూ పోతే ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. వాళ్లలో చాలామందికి తమ మీద కాయితాల్లో ఏం రాశారో తెలీదు. చదువు లేదు. కోర్టులో తమ తరఫున నోరు విప్పిన మనిషి లేడు. మొగుడు చేసిన నేరాన్ని నెత్తినేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఆ అమ్మాయి పేరు దుర్గాబాయి. బయటికి వెళ్లాక లా చదవాలి, ఇలాంటి ఆడవాళ్ల పక్షాన నిలబడాలి అని జైల్లోనే నిశ్చయించుకుంది.

నిశ్చయమైతే చేసుకుంది గానీ, అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషన్ కూడా లేదు. 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దని తనే బయటికొచ్చింది. ఇంగ్లీషు చదువు మీద నిరసనతో చిన్నప్పుడే బడి మానేసి, కాకినాడలో ఆడపిల్లలకు హిందీ బడి పెట్టింది. 1923 కాకినాడ కాంగ్రెసులో టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన వాలంటీరు ఈమే. ఆ కథ మనవాళ్లందరికీ తెలుసు, పాఠాల్లో ఉంది. నేను చెప్పబోయేది అంతగా ఎవరూ తలుచుకోని కథ. నా దృష్టిలో అంతకన్నా పెద్దది కూడా.

ఆడవాళ్లు వకీళ్లుగా పనిచేయొచ్చని మన దేశంలో చట్టం వచ్చింది 1923లోనే. దుర్గాబాయి జైల్లో కూర్చుని లా చదవాలనుకునే నాటికి ఆ చట్టానికి పదేళ్లు కూడా నిండలేదు. దారి తెరిచి ఉంది గానీ నడిచినవాళ్లు వేళ్ల మీద లెక్క. పైగా లా కాలేజీకి వెళ్లాలంటే ముందు డిగ్రీ ఉండాలి, డిగ్రీకి ఇంటరు, ఇంటరుకి మెట్రిక్.

1933లో విడుదలయ్యాక ఆమె మెట్రిక్ నుంచి మొదలుపెట్టింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ప్రైవేటుగా కూర్చుని పరీక్ష రాయనిచ్చేది. తనకన్నా ఎంతో చిన్నపిల్లలు చదివే పుస్తకాలు ముందేసుకుని చదివి గట్టెక్కింది. ఇంటరూ అక్కడే. తర్వాత బీఏలో రాజనీతి శాస్త్రం కావాలంది. ఆ సబ్జెక్టు అక్కడ మగపిల్లలకే. దాంతో సొంత గడ్డ మీది విశ్వవిద్యాలయం వైపు తిరిగింది.

ఇక్కడ మా నందిగామ తాలూకావాళ్లకు తగిలే ముక్క ఒకటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలో. నాలుగేళ్లకు వాల్తేరు తరలిపోయింది. అది బెజవాడలోనే నిలిచి ఉంటే మా మెరక ఊళ్ల పిల్లలకు ఒక పూట ప్రయాణంలో యూనివర్సిటీ ఉండేది. ఎన్ని తరాల చదువులు ఇంకోలా నడిచేవో! ఎక్కడ కట్టారన్నది చిన్న విషయం కాదు. చదువు ఎంత దూరంలో ఉంటే దాన్ని అందుకునేవాళ్లు అంత తగ్గుతారు, అందులోనూ ఆడపిల్లలు.

సరే, వాల్తేరు. ఎర్రమట్టి దిబ్బలు, కింద సముద్రం, మిట్ట మీద కొత్తగా లేస్తున్న భవనాలు. వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. 'ముసలమ్మ మరణము' రాసిన కవి, 'కవిత్వ తత్వ విచారము' రాసిన విమర్శకుడు. కొత్త ఆలోచన అంటే బెదిరే మనిషి కాదు. దుర్గాబాయి ఆయన ముందు నిలబడి సీటడిగింది. మార్కుల్లో వంక లేదు, పట్టుదలలో అసలే లేదు. ఆయన వెనకాడింది ఒక్కదాని దగ్గరే. ఆడపిల్లలకు హాస్టలు లేదు.

ఈ అభ్యంతరం ఎంత మర్యాదగా వస్తుందో చూడండి. నీకు తెలివి లేదనరు, నువ్వు పనికిరావనరు. ఉండటానికి చోటు లేదమ్మా అంటారు. చోటెందుకు లేదంటే ఆడపిల్లలు రావడం లేదు కాబట్టి కట్టలేదు. వాళ్లెందుకు రావడం లేదంటే ఉండటానికి చోటు లేదు కాబట్టి. ఈ రెండు మాటల మధ్యే ఎన్నో ఏళ్లు గడిచిపోయాయి. పొమ్మన్నవాడెవడూ లేడు, పిల్ల మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మగపిల్లల సంగతి వేరు. మన తెలుగు ఊళ్లలో వారాలని ఒకటుండేది. ఊరుగాని ఊరొచ్చి చదువుకునే కుర్రాడికి సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం. రాత్రికి ఏ గుడి మండపమో, ఎవరింటి అరుగో. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపింది. ఆయన్ని గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రి తీసుకెళ్లి తన దగ్గర పెట్టుకున్నారు. ఆ నీడే లేకపోతే ఆ పిల్లవాడు బారిస్టరయ్యేవాడా? మా నందిగామ బిడ్డ అయ్యదేవర కాళేశ్వరరావుగారు బందరు నోబుల్ కాలేజీలో చదివి, ప్లీడరై బెజవాడలో స్థిరపడి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యారు. నందిగామ కుర్రాడు బందరు వెళ్లి చదవడం ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు నిద్రమానుకుని ఆలోచించే విషయం కాదు. వారాలైనా అందరికీ ఉండేవి కావు, కులం చూసే పెట్టేవాళ్లు. తర్వాత వచ్చిన హాస్టళ్లలోనూ ఎక్కువ భాగం కులాల పేరు మీదే లేచాయి. అది వేరే దుఃఖం. ఆడపిల్లకైతే ఏ కులంలోనూ వారాలిచ్చిన ఊరు ఉందని నేను వినలేదు.

దుర్గాబాయి వైస్ ఛాన్సలర్ గది నుంచి బయటికొచ్చి రైలెక్కి ఇంటికి పోలేదు. హాస్టలు కట్టండని అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండి, ఆడపిల్లలకు వసతి లేదన్న ఒక్క కారణంతో ఆగిపోయిన వాళ్లెవరైనా ఉంటే తనకు తెలియజేయమని దాని సారాంశం.

ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల పత్రికలో తన పేరు వేసుకుని, నాలాంటి వాళ్లు ఇంకెవరున్నారు అని అడగడమేమిటి! అది చూసి ఎన్ని ఇళ్లలో ఎన్ని వాదులాటలు జరిగి ఉంటాయో! పదిమంది దాకా ముందుకొచ్చారు. అందరూ కలిసి ఉండటానికి ఒక చోటు చూసుకుని, వంటకు ఏర్పాటు చేసుకుని, తమ హాస్టలు తామే పెట్టుకున్నారు. అప్పుడు మళ్లీ వెళ్లి సీటడిగింది. హాస్టలు లేదన్న మాటకు ఇంక తావు లేదు. చేర్చుకున్నారు.

నాకు ఈ ఘట్టంలో అన్నిటికన్నా నచ్చేది ఆమె లెక్క. తనొక్కతే వెళ్లి ఎవరో బంధువుల ఇంట్లో ఉంటానని చెబితే బహుశా ఆమెకు ఒక్కదానికి సీటు వచ్చేది. అలా చేయలేదు. ఒక్క ఆడపిల్లకు గది వెతకడం ఇంటి సమస్య, పదిమందికి వెతకడం ఊరి సమస్య. తన ఇబ్బందిని ఆమె ఊరి సమస్య చేసింది.

తర్వాతది త్వరగా చెప్పేస్తాను. రాజనీతి శాస్త్రంలో పెద్ద పట్టాతోనే బయటికొచ్చింది. లండన్‌లో చదవడానికి స్కాలర్‌షిప్ కూడా వచ్చింది, యుద్ధం అడ్డం పడింది. మద్రాసు లా కాలేజీలో చేరింది. హైకోర్టు ఆవరణను ఆనుకుని ఉన్న ఆ ఎర్ర భవనంలో ఎన్నో తరాల తెలుగు వకీళ్లు తయారయ్యారు. ఆంధ్ర జిల్లాల నుంచి లా చదవాలంటే చాలాకాలం మద్రాసే దిక్కు. 1942లో ఆమె చేతికి లా పట్టా వచ్చింది. ఈలోగానే, 1937లో, మైలాపూరులో చుట్టుపక్కల ఆడపిల్లలను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కు చదివించడం మొదలెట్టింది. అదే ఆంధ్ర మహిళా సభ అయింది. వాల్తేరులో పదిమందికి చోటు వెతికిన మనిషి తర్వాత ఆడపిల్లల చదువుకీ వసతికీ పెద్ద సంస్థలే నిలబెట్టింది. రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది మహిళల్లో ఆమె ఒకరు. కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులు ఉండాలని 1950ల్లోనే గట్టిగా చెప్పింది. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె చనిపోయి మూడేళ్లు.

ఇప్పుడు మా అక్కవాళ్ల ఊరు చందర్లపాడు.

నందిగామ నుంచి పన్నెండు కిలోమీటర్ల చిల్లర. నల్లరేగడి. పత్తి, మిర్చి, గట్ల వెంట సుబాబుల్. దక్షిణాన కృష్ణ. ఏరు దాటితే అమరావతి. 2019 నుంచి రాష్ట్ర హైకోర్టు ఆ ఒడ్డునే, నేలపాడులో ఉంది. మా మేనకోడలు నందిగామలో ఇంటరు చదివి, లాసెట్ రాసి, వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, అయిదేళ్ల లా కోర్సుకు విజయవాడలో ఒక కాలేజీలో సీటు తెచ్చుకుంది. అలాట్‌మెంట్ కాయితం నందిగామ నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని తెచ్చి టీవీ పక్కన పెట్టింది. ఇంట్లో ఒక్కరూ దాన్ని రెండోసారి చదవలేదు. అందరి నోటా ఒకటే ప్రశ్న.

"అంతా బాగానే ఉంది. ఎక్కడుంటదే పిల్ల?" అంది వాళ్ల నాయనమ్మ.

మా బావ అప్పుడే చేలో నుంచి వచ్చాడు. పత్తి తీత రోజులు. చొక్కాకంతా దూది పింజలు. "ఉండటమెందుకమ్మా? పొద్దున్నే పోయి సాయంత్రానికి వస్తది. ఆడోళ్లకు బస్సులో టిక్కెట్టు కూడా లేదుగా ఇప్పుడు" అన్నాడు.

"టిక్కెట్టు లేదు నాన్నా, టైము ఉందిగా" అంది పిల్ల. "ఇక్కణ్ణుంచి నందిగామ, నందిగామలో ఇంకో బస్సు, బస్టాండులో దిగి మళ్లీ సిటీ బస్సు. రానూ పోనూ రోజుకి నాలుగైదు గంటలు రోడ్డు మీదే. నేను చదివేదెప్పుడు?"

అందులో తప్పు లేదు. లా ఇప్పుడు ఇంట్లో కూర్చుని పరీక్షలకు వెళ్లొచ్చే చదువు కాదు. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఒక్కో సబ్జెక్టులో 70 శాతం హాజరుండాలి. అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. మూట్ కోర్టని ఉత్తుత్తి కోర్టులో నిలబడి వాదించాలి, అవి చాలాసార్లు సాయంత్రాలే పెడతారు. నాలుగున్నర బస్సు అందుకోవాల్సిన పిల్ల ఆ వాదన సగంలో వదిలేసి సంచి తగిలించుకోవాలి.

బెజవాడలో వాళ్లకు దూరపు చుట్టాలున్నారు. నాయనమ్మ ఆ పేరెత్తింది. మా అక్క ఊరుకోలేదు.

"ఒకళ్లింట్లో అయిదేళ్లు పెడితే పిల్ల చదువుకుంటదా అత్తయ్యా, వాళ్ల అంట్లు తోముకుంటదా? పండక్కి వచ్చిన చుట్టం మంచిదిగానీ, ఏళ్ల తరబడి ఉన్నది మంచిదవుద్దా?"

ఈ మాట ఏ సర్వేలోనూ కనబడదు, ప్రతి ఇంట్లోనూ తెలుసు. చుట్టాలింట్లో ఉండి చదివిన ఆడపిల్లలను అడగండి. పొద్దున్నే లేవడం, కాఫీలు, చిన్నపిల్లలను బడికి దింపడం, రాత్రి పదింటికి గానీ పుస్తకం తెరవలేకపోవడం. ఎవరూ చేయమనరు. చేయకుండా కూర్చుంటే తినే ముద్ద దిగదు, అంతే.

ఆ కాలేజీకి ఆడపిల్లల హాస్టలు లేదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకైతే ఈ బాధ లేదు. హైదరాబాద్ పక్కన షామీర్‌పేటలో నల్సార్ అయినా, విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ అయినా ఆవరణలోనే ఉండి చదవాలి. అక్కడ సీటు రావాలంటే క్లాట్ అనే ప్రవేశ పరీక్ష గెలవాలి. క్లాట్‌కు ముందు కోచింగ్. ఆ కోచింగ్‌కు నగరంలో ఉండాలి. మళ్లీ ఉండటమే! పల్లె నుంచి లాయరయ్యే పిల్లల్లో ఎక్కువమంది జిల్లా కేంద్రంలోని లా కాలేజీల్లోనే చేరతారు. హాస్టలు అవసరం ఎక్కువున్నది అక్కడే. కాలేజీకి అనుమతిచ్చేటప్పుడు లైబ్రరీలో పుస్తకాలెన్ని, అధ్యాపకులెందరు అని చూస్తారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్ల రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది కూడా అంత గట్టిగానూ అడగాలని నేనంటాను.

ఎందుకంటే జైళ్లలో దుర్గాబాయి చూసినలాంటి ఆడవాళ్లకు ఇప్పుడు కాయితం మీద హక్కుంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. కస్టడీలో ఉన్నవాళ్లకూ అంతే. ఆ వకీలు ఎవరు? చందర్లపాడు ఆడమనిషి తన గోడు చెప్పుకుంటే సగం మాటకే అర్థం చేసుకునే వకీలు కావాలంటే, ఆ వకీలు చందర్లపాడు లాంటి చోటు నుంచే రావాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాల్తేరు కథ చెప్పాను. నాయనమ్మ విని, "ధైర్యం గల తల్లి" అంది. పిల్ల మాత్రం ఒకటే అడిగింది.

"మావయ్యా, ఆ పదిమందీ ఒకళ్లకొకళ్లు ముందు తెలుసా?"

తెలియదన్నాను.

మర్నాడు సీటొచ్చిన పిల్లల వాట్సాప్ గ్రూపులో ఆమె ఒక కబురు పెట్టింది. ఊరి నుంచి వచ్చే అమ్మాయిలు ఎవరైనా కలిసి ఇల్లు తీసుకుందామా అని. జగ్గయ్యపేట పిల్ల ఒకతి, తిరువూరు వైపు నుంచి ఒకతి, వీరులపాడు మండలం నుంచి ఇంకొకతి పలికారు. నలుగురు తండ్రులూ ఫోన్లలో మాట్లాడుకున్నారు. మా బావ పత్తి తీత ఒక రోజు ఆపుకుని బెజవాడ బయల్దేరాడు. తోడు నేనూ, నలుగురు పిల్లలూ.

ఇల్లు వెతకడం మొదలెట్టాక తెలిసింది. 'టు లెట్' బోర్డులకు కొదవ లేదు. ఆడపిల్లలంటే ఇచ్చేవాళ్లూ ఉన్నారు, మగపిల్లల కన్నా నయమంటారు. ఏం చదువుతారమ్మా అని అడిగి, లా అని చెప్పగానే ముఖం మారేది. పోలీసులకూ వకీళ్లకూ ఇల్లివ్వకూడదని మనవాళ్లలో ఒక భయం. "రేపు ఖాళీ చేయమంటే నాకే నోటీసు ఇస్తారు" అన్నాడొకాయన, నిజంగా భయపడుతూనే. ఇంకోచోట ఇల్లంతా చూపించి, మంచినీళ్లిచ్చి, ఆఖర్న ఆ ఇంటావిడ అడిగింది, "మీరేమిటోళ్లమ్మా?" అని. నలుగురు పిల్లలూ నాలుగు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా మేనకోడలే, "వద్దులెండి ఆంటీ" అని ముందుగా మెట్లు దిగింది.

ఆ మెట్లు దిగుతుంటే నాకు 1917 బరోడా గుర్తొచ్చింది. అమెరికాలో, లండన్‌లో చదివి ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు ఆ ఊళ్లో గది దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఊళ్లో తోటలో కూర్చుని పొద్దు గడిపి, బొంబాయి రైలెక్కి వెళ్లిపోయాడు. అంతటి చదువు ఒక్క గది లేక వెనక్కి తిరిగింది. ఆ ఇంటావిడ చెడ్డ మనిషని నేననను. ఆ ప్రశ్న మాత్రం చెడ్డది. ఆ రోజు మాతో వచ్చిన పిల్లల్లో ఎవరికి అది ఎక్కువ గుచ్చుకుందో నేను అడగలేదు.

చివరికి కాలేజీకి నడిచి వెళ్లే దూరంలో మేడ మీద రెండు గదుల పోర్షన్ కుదిరింది. ఇంటాయన రిటైరైన పంతులు. రాత్రి తొమ్మిది దాటితే గేటు వేస్తానన్నాడు. మూట్ కోర్టున్న రోజు ముందు చెబితే తెరుస్తారా అని తిరువూరు పిల్ల అడిగింది. ఆయన ఒక క్షణం ఆలోచించి సరేనన్నాడు. వీరులపాడు పిల్ల మేనత్త, ఒంటరి మనిషి, వచ్చి వీళ్లతో ఉండి వండిపెడతానంది. ఆవిడ వాటా అద్దె నలుగురూ పంచుకుంటారు.

పదకొండు నెలల అగ్రిమెంటు కాయితం తెచ్చారు. మా బావ జేబులోంచి పెన్ను తీశాడు. పిల్ల, "ఉండు నాన్నా" అని కాయితం తన వైపు తిప్పుకుని మొదటి నుంచి చదివింది. అడ్వాన్సు తిరిగి ఎప్పుడిచ్చేదీ రాసిలేదు. అదొక్క ముక్క చేర్చమని అడిగింది. పంతులుగారు కళ్లజోడు పెట్టుకుని, చదివి, తన చేత్తోనే రాసిచ్చారు. అప్పుడు సంతకాలయ్యాయి.

ఆ రెండు గదుల్లో ఇంకొక మంచం పడుతుంది. రెండో విడత కౌన్సెలింగ్ జరుగుతోంది. మన వైపు నుంచి ఎవరికైనా సీటొస్తే చెప్పమని మా మేనకోడలు ఇంటికి ఫోన్ చేసింది. మా బావ చందర్లపాడు సెంటర్లో కనిపించిన వాళ్లనల్లా అడుగుతున్నాడు. మీ ఎరుకలో లా చదవాలని ఉండి, ఉండటానికి చోటు లేక ఆగిపోయిన పిల్ల ఎవరన్నా ఉందా అని.